ఒలిచిన మాను

చెట్టు ముందు నిలబడి దియొలిండ గొడ్డలి అంచును బొటనవేలితో రాసి చూసుకుంది.

మా అలెంతెజు తోటల్లో ఎండ ఇంకా ఎక్కలేదు.

సీసా బిరడాలు చేసే ఈ చెట్టు బెరడును తొమ్మిదేళ్లకు ఒకసారే ఒలుస్తారు. ఒలిచేది మగవాళ్లు. మోసేది మేం, ఆడవాళ్లం.

"ఒక్క చెట్టు ఇస్తున్నాను," అన్నాడు మేస్త్రీ అబీలియు. "గొడ్డలి లోపలి పొరకు తగిలిందా, చెట్టు పాడు. రేపటి నుంచి నువ్వు మళ్లీ మోతకే. ఇంకెప్పుడూ అడగకూడదు."

"అడగను."

"ఆడదాని చేత బట్టలిప్పించుకోవాలంటే చెట్టుకు మాత్రం సిగ్గుండదూ? అటు తిరగండ్రా," అన్నాడు గొడ్డలివాళ్లలో పెద్దవాడు తొర్కాతు.

అందరూ నవ్వారు. నా పక్కన జుల్మీర అత్త కూడా నవ్వింది. నలభై ఏళ్లుగా బెరడు మోస్తున్న మనిషి.

"మోయడానికి ఒళ్లు వంగక ఈ వేషాలు," అంది నాతో.

మొదటి దెబ్బ పొడిగా మోగింది; అక్కడ బెరడు మానుకు ఇంకా అతుక్కునే ఉంది. మేస్త్రీ ముఖం చిట్లించాడు.

దియొలిండ ఆగింది. మానుకు చెవి ఆనించి, పిడికిలితో రెండు చోట్ల తట్టింది. జానెడు పక్కకు జరిగింది.

రెండో దెబ్బ బోలుగా పలికింది, ఖాళీ పీపాను కొట్టినట్టు.

నవ్వులు ఆగాయి.

పైనుంచి కిందికి ఒకటే గీత. గొడ్డలి కామ చివరను ఆ చీలికలో దూర్చి, భుజం ఆనించి, మెల్లగా తిప్పింది.

పాత దుప్పటి చిరిగినట్టు చప్పుడు.

బెరడు ఒక్క ముక్కగా, ఆమెకంటే ఎత్తుగా, చెట్టును వదిలి ఆమె చేతుల్లోకి వాలింది.

రెండో పక్కా అలాగే.

మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెట్టు వేళ్ల దగ్గర మొదలుపెట్టి, మాను చుట్టూ అరచేత్తో తడుముకుంటూ లేచాడు. గాయం కోసం వెతుకుతున్నాడు.

మళ్లీ మొదటినుంచి తడిమాడు.

"తొర్కాతూ," అన్నాడు చివరికి. "తర్వాతి చెట్టుకు ఈమెతో జత నువ్వే."

తొర్కాతు గొడ్డలి తీసుకున్నాడు.

బెరడు ఎత్తడానికి వెళ్లిన మేం ఎత్తలేదు. మాను తేనె రంగులో తడిగా మెరుస్తోంది. ఇన్నేళ్లలో మాలో ఒక్కరం కూడా ఒలిచిన చెట్టును ముట్టుకోలేదని నాకు అప్పుడు తట్టింది.

ఒక్కొక్కరం చెయ్యి వేశాం. చల్లగా ఉంది.

జుల్మీర అత్త మాత్రం వేసిన చెయ్యి తీయలేదు.

"దియొలిండా," అంది కాసేపటికి. "ఆ గొడ్డలి ఏమాత్రం బరువుంటుందే?"