చిన్నరాణి పెదవులు

"తిండి కూడా మర్చిపోయేంత ఏముంది బావా ఆ రాతి ముఖంలో?" ఫల్లా అన్నం క్యారియరు మెట్టు మీద ఠక్కున పెట్టింది.

అంకోర్‌లో గుడి గోడ మీది రాణి శిల్పాన్ని బాగుచేస్తున్న వుత్తీ వెనక్కి తిరగలేదు. "ఈమె ఎవరో ఇవాళే తేలింది. చిన్నరాణి. ఈమె పోయాకే రాజు ఈమె అక్కను పెళ్ళి చేసుకున్నాడు."

"ఆ అక్క కూడా నాలాగే ఏడ్చి ఉంటుంది. నెల్లాళ్ళుగా నా ముఖం ఎప్పుడైనా ఇలా చూశావా?"

"విరిగిన పెదవుల్ని సున్నంతో దిద్దాను. పోయిన భాగాన్ని ఊహించి దిద్దకూడదు కదా. ఆఫీసరు చూసి గీకెయ్యమన్నాడు."

"గీకెయ్. పీడ విరగడవుతుంది."

అతను ఉలి తీసుకుని పక్కకు జరిగాడు. అప్పుడు కనబడింది ఫల్లాకు. ఎడమపక్క పైపెదవి కాస్త లేచి, నవ్వు ఆపుకుంటున్నట్టుంది. అది తన చెల్లెలు మాలిస్ నవ్వు. వుత్తీ మొదటి భార్య మాలిస్. ఆమె పోయాకే అతను ఫల్లాను చేసుకున్నాడు.

"చెయ్యి దానంతటదే అలా పోయింది," అన్నాడతను తల దించుకుని.

ఫల్లా ఉలి లాక్కుంది.

మెడలోని క్రమా గుడ్డ తీసి ఉలిని అందులో చుట్టేసిందామె.

"నీ మీద కోపం అలాగే ఉంది. మా అమ్మ వచ్చి ఆ నవ్వు చూసేదాకా మాత్రం దాన్ని ముట్టుకోకు."