కొండ గురుతు

కొండ ఇవాళ కూడా తల చూపించలేదు. శివాజీకి ఒళ్ళు మండిపోయింది.

ఆశ్వయుజం సగం గడిచింది. పడమటి గాలి పడిపోయింది. కొండ మీంచి తెల్లగా దూకే వాగు సన్నబడింది. వారం కింద నడుము దాకా దిగి ఉన్న మబ్బు ఇప్పుడు మెడ దాకా లేచింది. అక్కడితో ఆగి, ఇక కదలనని మొండికేసింది. శివాజీ రోజుకు పదిసార్లు వాకిట్లోకొచ్చి చూస్తున్నాడు.

"అంతలా సూడకు భయ్యా, కొండకి దిష్టి తగల్తాది," అన్నాడు పక్కింటి నూకన్న.

శివాజీ నవ్వలేదు. సునామీకి పాత ఊరు నేలతో సహా సముద్రంలో కుంగిపోయాక క్యాంబెల్ బేలో కొండవాలు మీద కట్టిన ఇళ్ళివి. ఎక్కడో ఉత్తరాన ఉన్న మాయాబందర్ నుంచి అతను ఈ దక్షిణపు దీవికి ఇల్లరికం వచ్చి ఆరు నెలలైంది. కొత్త సముద్రం అతనికి అంతు చిక్కడం లేదు. వల వేసిన చోటల్లా నాచే. ఈ సీజనూ ఇలాగే పోతే భార్యను వెంటబెట్టుకుని వెనక్కెళ్ళి అన్న కొట్లో పనికి కుదరాలి. ఆ మాట తలచుకుంటేనే తల కొట్టేసినట్టుంటుంది.

మిగిలిన ఆశ ఒకటే. ఏటా మబ్బు విడిచిన మొదటి రోజు మామ అప్పలరాముడు ఒక్కడే పడవ తీసుకుని ఎక్కడికో పోతాడు. ఈసారి తనే అన్నాడు: "నీకో చోటు సూపించాలి అల్లుడూ. కొండ కనబడనీ."

"ఎక్కడే అది?" అని భార్య భానుని అడిగాడు.

"అయ్య నాకూ చెప్పలేదు."

కన్నకూతురికే చెప్పలేదంటే ఎన్ని చేపలుండాలి! శివాజీకి ఆ వారమంతా అన్నం సయించలేదు.

దీపావళి వెళ్ళిన మూడోనాడు తెల్లారేసరికి కొండ నెత్తి బయటపడింది. చెట్లు లెక్కపెట్టొచ్చు. మామ అప్పటికే తలస్నానం చేసి ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. శివాజీ ఐసు పెట్టె, పెద్ద వల పడవలోకి ఎక్కించాడు. మామ వాటి వంక ఓసారి చూసి పడవ తాడు విప్పాడు.

అరగంట పోయాక ఇంజను ఆపమన్నాడు.

"గురుతు బాగా సూసుకో. కొండ నెత్తీ, ఆ తెల్లబండా ఒక్క వరసలో రావాల. ఇటు జెట్టీ దీపం కంబం దీవి అంచుకి తగలాల. ఏదీ, సెప్పు?"

శివాజీ చెప్పాడు. మామ మళ్ళీ చెప్పించాడు.

"నా తరవాత ఏటా నువ్వే రావాల."

ముసలాయనకు ఇంత నమ్మకమా తన మీద అని శివాజీకి కళ్ళు చెమర్చాయి. గబగబా వల ఎత్తాడు. మామ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"వల ఎయ్యకు బాబూ, ఇది మనిల్లు, ఆ రోజు నీళ్ళొచ్చినప్పుడు మీ అత్త ఈ అడుగునే, పొయ్యికాడే ఉండిపోనాది."