మిషన్ మీద చెప్పు కాలా?

"పెడల్ కాలతా ఉందత్తా," అంది కామాక్షి, కాలు పైకి లాక్కుని.

పిచ్చమ్మ మూతి తిప్పింది. "కాలతా ఉందా! మీ అమ్మ నిన్ను వెన్నలో పెట్టి పెంచిందా ఏందమ్మే?"

అది పాతకాలం మోటారు కుట్టుమిషను. పిచ్చమ్మ మొగుడు మద్రాసులో పాత సామాన్ల అంగట్లో కొని జువ్వలదిన్నెకు మోసుకొచ్చాడు. కింద ఇనప పెడల్. ఎంత నొక్కితే మిషను అంత పరుగు. మొగుడు పోయినాక పిల్లల్ని సాకింది ఆ మిషనే. ఆయుధపూజకు దానికి పసుపు కుంకుమ పడాల్సిందే. చెప్పు కాలితో దాన్ని తొక్కడమంటే లక్ష్మిని చెప్పుతో కొట్టినట్టే.

కామాక్షి అడిగింది ఎక్కువేం కాదు. చెప్పులేసుకుని తొక్కనివ్వమంది. లేదా పెడల్ మార్చమంది.

కరెంటు పని చేసే మధుబాబు వచ్చాడు. పెడల్ మీద వేలు పెట్టి చటుక్కున తీసేశాడు.

"ఉప్పు గాలికి లోపల తుప్పు పట్టింది పెద్దమ్మా. మెల్లగా తొక్కేకొద్దీ ఇంకా కాలుద్ది. మార్చాల."

"నీ వేలు కూడా నా కోడలి కాలి మాదిరే సుకుమారంగా ఉండాదే! పోయి గాజులేసుకో, పో."

మధుబాబు టెస్టరు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఈ కాలపు మనుషులంటే పిచ్చమ్మకు అంత లోకువ. ఫ్యాను లేందే నిద్రపోరు. తుమ్మితే ఆస్పత్రి. ఆమెకూ ఆస్పత్రిలో షుగరు బిళ్ళలిచ్చారు. గూట్లో పడేసింది. మిట్టమధ్యాహ్నం వలలారేసే ఇసుక మీద కుర్రాళ్ళు గెంతుతూ పరుగెడుతుంటే, ఆమె ఒట్టికాళ్ళతో పెళ్ళి నడక నడుస్తుంది. కొడుకు పోరు పడలేక ఒకసారి చెప్పులేసుకుని రేవుకు పోయింది. ఒంటి చెప్పుతో ఇల్లు చేరింది. రెండోది ఎక్కడ జారిందో తెలియదు. పోతే పోయింది పీడ అని మిగిలిందాన్ని దిబ్బలో పారేసింది.

"లెయ్," అంది కోడలితో. "నువ్వు కుట్టాల్సిన ఆ నైటీలు నేను కుడతా, ఒట్టికాలితో. మజ్జలో కాలు తీసినానంటే మిషను నీ ఇష్టం, పాత సామానోడికి అమ్ముకో. తియ్యకపోతే నా కాళ్ళకు మొక్కి, రేపట్నించి నోరు మూసుకుని ఒట్టికాలితో తొక్కాల. సరేనా?"

కామాక్షి కమిలిన బొటనవేలు చూసుకుంది. "సరే అత్తా."

పిచ్చమ్మ కూర్చుంది. చూపు ఆనక మెల్లగా తొక్కింది. మిషను ముక్కుతూ మూలుగుతూ నడిచింది. ఒక నైటీ అయింది. ఇంకోటి అందుకుంది. కాలు కదల్లేదు. మొహంలో ఒక్క ముడత మారలేదు.

"కాలలేదా అత్తా?" కామాక్షికి నమ్మకం కుదరలేదు.

"ఏటి నీళ్ళలో పెట్టినట్టుండాది. అది పెడలమ్మే, పెనం కాదు. పని దొంగకు ఏదైనా కాలుద్ది."

కోడలి ముఖం చిన్నబోయింది. అది చూసి పిచ్చమ్మకు ఇంకా హుషారొచ్చింది. కూనిరాగం తీస్తూ ఆఖరి నైటీ అంచు మడిచింది. అంతలో ముక్కుకు ఏదో కంపు తగిలింది.

"పక్కింట్లో చేపలు మాడబెట్టినట్టుండారు. ఆ ఇంటి కోడలూ నీ మాదిరిదే!"

దారం పుటుక్కున తుంచింది. నైటీని కోడలి ఒళ్ళోకి విసిరింది.

"అయిపోయినాయి. ఒక్కసారన్నా తీసినానా కాలు? చెప్పు! రా, మొక్కు."

కామాక్షి వంగి ఆ కాలిని రెండు చేతులతో పైకెత్తితే అరికాలి తోలు పెడల్‌కే అంటుకుని ఉండిపోయింది, పైనుంచి పిచ్చమ్మ మాత్రం, "మొక్కేదానికి ఇంతసేపేందమ్మే?" అని నవ్వుతూనే ఉంది.