మధ్యలో మనిషెందుకు?

“మధ్యలో మనిషెందుకయ్యా?” అన్నాడు చలమయ్య, కుర్చీలో కూర్చోకముందే.

గుంటూరు అరండల్‌పేటలో ఆ ట్రావెల్ ఆఫీసు తెరిచి ఏడాదే అయింది. దానికి యజమాని, గుమాస్తా, ఆఫీసు ఊడ్చుకునేవాడు అన్నీ శివనాగరాజే. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. టేబుల్ మీద ఒక కంప్యూటరు, గోడ మీద ఒక విమానం బొమ్మ. బేరాలు ఇంకా పుంజుకోలేదు.

చలమయ్య పక్కన ఆయన భార్య వెంకటేశ్వరమ్మ కూర్చుంది. ఒళ్లో చేతిసంచీ, సంచీలో రెండు కొత్త పాస్‌పోర్టులు. టీవీలో బ్యాంకాక్ చూసిన దగ్గర్నుంచీ ఆవిడకు ఒకటే కోరిక. అక్కడ కాలువలో పడవల మీదే సంత జరుగుతుందట. ఆడవాళ్లు పడవలో కూర్చుని ఎవరి సరుకు వాళ్లే అమ్ముకుంటారట. అది కళ్లారా చూడాలి.

మూడేళ్లుగా చలమయ్య “వచ్చే ఏడు చూద్దాం” అంటూనే ఉన్నాడు. ఈ ఏడు మిరపకాయలకు మంచి రేటు పలికింది. ఆయన మనసూ కాస్త మెత్తబడింది. మిర్చి యార్డుకు వేసవి సెలవులివ్వగానే బయల్దేరాలి, మళ్లీ తెరిచేలోగా వచ్చేయాలి. ఆ కాస్త సందూ దాటితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

“తేదీలు చెప్పండి చాలు. టికెట్లు, హోటలు, తిరగడానికి కారు, అన్నీ నేనే చూస్తానండీ,” అన్నాడు శివనాగరాజు.

“అదే వద్దంటున్నా. ఏజెంట్ల సంగతి నాకు తెలీదా? ముప్పై ఏళ్లుగా యార్డులో చూస్తున్నా. అమ్మేవాడికో మాట, కొనేవాడికో మాట. తుండుగుడ్డ కింద వేళ్లు నొక్కి బేరం తేలుస్తారు. అసలు రేటెంతో పైకి తెలీనిస్తారా? ఇద్దరి దగ్గరా తిని, ఇద్దరికీ ఉపకారం చేసినట్టు మొహం పెడతారు.”

వెంకటేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

“ఈ మాట మీ నోటితో మీరే అంటున్నారా?”

“నువ్వూరుకోవే,” అని కసిరి, చలమయ్య కుర్రాడి వైపు తిరిగాడు. “మీదే ఊరు అబ్బాయ్?”

“ప్రత్తిపాడండీ. మా నాన్న మిరప వేస్తాడు.”

“ఇంకేం! నీకు నేను వేరే చెప్పాలా? మీ నాన్ననడుగు, ఏజెంటంటే ఏంటో కథలు కథలుగా చెప్తాడు.”

వెంకటేశ్వరమ్మ టేబుల్ కింద మొగుడి కాలు తొక్కింది. ఆయన కాలు పక్కకు జరిపాడు గానీ మాట జరపలేదు.

“అట్టాగే అడుగుతానండీ,” అన్నాడు శివనాగరాజు వినయంగా.

ఆ పూట చలమయ్య ఏజెంటును పెట్టుకోలేదు. కానీ ఏజెంటుకు తెలిసినవన్నీ రాబట్టుకున్నాడు. ఏ విమానం మంచిది, వీసా అక్కడ దిగాక ఇస్తారా, ఏ వీధిలో హోటలైతే మన అన్నం దొరుకుతుంది, పడవల సంతకు ఎన్నింటికి బయల్దేరాలి. అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. మధ్యలో టీ కూడా తాగాడు. టీ తెప్పించింది శివనాగరాజే.

మర్నాడు కూతురు శిల్పను వెంటబెట్టుకుని బ్రాడీపేటలో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లాడు.

“చూడమ్మా, ఏజెంటు లేకుండా మీ నాన్న విమానమెట్టా ఎక్కిస్తాడో!”

గంటసేపు శిల్ప కంప్యూటరు నొక్కింది, చలమయ్య పక్కన నిలబడి పుస్తకంలోంచి చదివాడు. టికెట్లు దొరికాయి. హోటలు దొరికింది. పేర్లు ఎక్కాయి. ఆఖరున అది క్రెడిట్ కార్డు నంబరు అడిగింది.

చలమయ్య జేబులోంచి నోట్ల కట్ట తీశాడు.

“అందులోకి ఇవి పోవు నాన్నా,” అంది శిల్ప.

నిలువెత్తు మనిషి నీరుగారిపోయాడు. ఆయన జన్మలో కార్డు ముఖం చూడలేదు. యార్డు సెలవులకు ఇంకా నాలుగే రోజులున్నాయి. ఇంటికెళ్లేసరికి వెంకటేశ్వరమ్మ మంచం మీద పెట్టె తెరిచి చీరలు సర్దుకుంటోంది. ఆయన్ని చూడగానే సంగతి అర్థమైంది. సర్దిన చీరలు ఒక్కొక్కటే బయటకు తీసింది.

చలమయ్య ఆ చీరల వంకే చూశాడు. తిట్టినా బాగుండుననుకున్నాడు.

సోమవారం పొద్దున్నే భార్యతో సహా ట్రావెల్ ఆఫీసు మెట్లెక్కాడు. బింకం మాత్రం తగ్గనివ్వలేదు.

“అబ్బాయ్, బుకింగు నేనే చేసుకున్నాననుకో. కార్డు ఒక్కటే తక్కువైంది. నీ కార్డు కొట్టు, రొక్కం ఇక్కడే ఇచ్చేస్తా. కమిషనని మాత్రం పైసా అడగొద్దు. చెప్పా గదా, మధ్యలో మనిషి నాకు గిట్టడు.”

శివనాగరాజు తలూపాడు. కంప్యూటరు ముందుకు లాక్కుని ఇద్దరి పేర్లూ కొట్టాడు. తేదీలు కొట్టాడు. కార్డు నంబరు కొట్టాడు. ఆఖరి మీట మీద వేలు పెట్టి ఆగాడు. వెంకటేశ్వరమ్మ ఊపిరి బిగబట్టి ఆ వేలినే చూస్తోంది.

“నిన్న ఆదివారం గదండీ, ప్రత్తిపాడు వెళ్లొచ్చాను,” అన్నాడు నవ్వుతూ.

“అయితే?”

“మీరు చెప్పినట్టే మా నాన్ననడిగానండీ, ఇరవై ఏళ్లుగా కాయలు మీ కమిషన్ కొట్టుకే తోలుతున్నాడంట, ఇక నుంచి మధ్యలో మనిషెందుకని మీరే అంటున్నారని ఆయనకు చెప్పమంటారా?”