జోడు బొమ్మ

ఆపరేషన్ చేయాల్సిన ప్రతి పిల్లకీ ఆసుపత్రి ముందే ఒక జోడు బొమ్మను తయారుచేయిస్తుంది. అదే బరువు, అదే ఏడుపు, అదే ఊపిరి. మత్తు డాక్టర్లు దాని దగ్గర నేర్చుకున్నాకే పిల్లను ముట్టుకుంటారు.

గుండెకు ఆపరేషన్ అయిన నాలుగేళ్ల లాస్య కళ్లు తెరిచి ఇడ్లీ అడిగింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన నాయనమ్మ అప్పలనరసమ్మ, మత్తు ఇచ్చిన డాక్టర్ నౌషీన్ చేతులు పట్టుకుంది.

"సిన్న పేనం కదా తల్లీ, బయం ఎయ్యలేదేటి?"

"వేసింది మామ్మా. మీ పాప ఏడిస్తే గొంతు బిగుసుకుపోతుంది. అది తెలియక బొమ్మకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిపోయిందో! నవ్విస్తూ మాస్కు పెట్టాలని దాని దగ్గరే తెలిసింది. అందుకే ఇవాళ కప్పలా అరిచాను."

ఇంటికి వెళ్లే రోజు అప్పలనరసమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి మనవరాలికి దిష్టి తీసింది. మళ్లీ గుప్పెట నింపుకుని, నౌషీన్‌ను వెంటబెట్టుకుని బొమ్మ ఉన్న గదికి నడిచింది.

"సచ్చి సచ్చి మా పిల్లని బతికించినాది. దీనికి ఎవులు తీత్తారు?"

నౌషీన్ బొమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ముసలామె ఇద్దరికీ కలిపి తిప్పింది.