తలుపు కింద చీటీలు

“నా బామ్ సీసా ఏమైనా చూశావా?” సోఫా కింద చెయ్యి పెట్టి తడుముతూ మూడోసారి అడిగాడు భర్త.

“ఫ్యాక్టరీలో లేత్ మిషను ముందు ముప్పై ఏళ్ళు నిలబడ్డప్పుడు రాని మోకాళ్ళ నొప్పి, రిటైరయ్యాక వచ్చిందా? పొద్దున్నే లేచి చదివేది పేపరేగా. కాళ్ళతో చదువుతున్నారా?”

“మొన్న ఆదివారం పేపరు బరువెక్కువ,” అన్నాడాయన ఏమాత్రం తొణక్కుండా.

ఆమె నవ్వేలోపే ఫోను మోగింది. స్కూలు వ్యాను డ్రైవరు భార్య. ప్రమాదంలో నలిగిన అతని కాలు చీము పట్టి, నెల రోజులుగా ఆస్పత్రిలోనే ఉన్నాడు.

“పదింటికి ఆపరేషనంట పిన్నిగారూ. కాలు ఉంచుతారో తీసేస్తారో తెరిచి చూస్తేగానీ చెప్పలేమంటున్నారు. మీరు ప్రార్థన చేస్తున్నారన్న ధైర్యంతోనే నిలబడ్డాను.”

“చేస్తున్నానమ్మా,” అంది. అబద్ధం అంత నున్నగా జారినందుకు ఆమెకే భయమేసింది.

చర్చిలో అందరికీ ఆమె ప్రార్థన పిన్ని. ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరి కాపురం బీటలు వారినా, ఇరవై ఏళ్ళుగా తెల్లవారుజామునే లేచి, హాలు చివరి చిన్న గదిలో చాప మీద మోకరించి, ఒక్కొక్కరి పేరూ ఎత్తి దేవుణ్ణి అడిగేది. ఎనిమిది నెలల కిందట సొంత చెల్లెలు మంచాన పడింది. నలభై రోజులు మోకాళ్ళ మీద ఏడ్చింది. నలభై ఒకటో రోజు చెల్లెలు పోయింది. ఆ సాయంత్రమే గదికి గడియ పెట్టేసింది. మళ్ళీ అందులో అడుగు పెట్టలేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ప్రార్థించమని అడిగినవాళ్ళకు కాదని చెప్పడానికి నోరు రాలేదు. క్యాలెండరు కాగితం చింపి పేరు రాసి, ఆ తలుపు కింద నుంచి లోపలికి తోసేసేది. ఇన్నాళ్ళూ నేను మోశాను, ఇక నువ్వే చూసుకో అన్నది దేవుడితో ఆమె తగువు. రాత్రిళ్ళు నిద్ర మాత్ర వేసుకుని పడుకునేది. లేచేసరికి ఎండ కిటికీ ఎక్కేది, భర్త టీ పట్టుకుని నిలబడి ఉండేవాడు.

“ఏ కాలు?” అన్నాడు భర్త.

“ఏంటి?”

“ఆ డ్రైవరుది. కుడిదా, ఎడమదా?”

“కుడి. మీకెందుకూ?”

“ఊరికే.”

ఆమెకు ఒళ్ళు మండింది. నాకూ మీ దేవుడికీ మాటల్లేవని పెళ్ళైన కొత్తలోనే హాస్యమాడిన మనిషి. ఆదివారం ఆమెను చర్చి గేటు దగ్గర దింపి, ఎదురుగా టీ కొట్లో కూర్చునేవాడు. ఒకళ్ళ కాలు పోతుంటే ఈయనకు కాలక్షేపం!

డ్రైవరు పేరుతో మళ్ళీ ఒక చీటీ రాసి తలుపు కిందకు తోసింది. పదింటికి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ నిలబడింది. హాల్లో అలికిడి లేదు. పేపరులో మునిగి ఉంటాడనుకుంది.

సాయంత్రం డ్రైవరు భార్య ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చింది. జుట్టు రేగి, కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

“కాలు తియ్యలేదు పిన్నిగారూ. కానీ రెండు రోజులు గడవాలట. మీరు మాత్రం ప్రార్థన ఆపొద్దు.”

ఆ మాట ముల్లులా దిగింది. “మొదలుపెడితే కదమ్మా ఆపడానికి,” అంది. “మీ ఆయన కోసం నేను ఒక్కసారి కూడా ప్రార్థించలేదు. ఎవరి కోసమూ చెయ్యట్లేదు. ఎనిమిది నెలలైంది.”



“తెల్లారుజామున మీరు లేచి ఉంటారనుకునేదాన్ని. ఆ నమ్మకంతోనే బెంచీ మీద కాసేపు కన్ను మూసేదాన్ని,” అంది ఆ పిల్ల. ఇచ్చిన మంచినీళ్ళు ముట్టకుండా లేచింది.

“ఉండమ్మా, బస్టాపు దాకా వస్తాను,” అని భర్త చెప్పులేసుకుని కుంటుకుంటూ వెంట వెళ్ళాడు. భార్య వైపు చూడలేదు.

ఆమె సిగ్గుతో చితికిపోయింది. ఎవరి చీటీ వాళ్ళకు తిరిగిచ్చి క్షమాపణ అడగాలి, అంతకన్నా దారి లేదు. గది ముందుకెళ్ళింది. తుప్పు పట్టి ఉంటుందనుకున్న గడియ ఇట్టే జారింది.

గుమ్మం దగ్గర చీటీల కుప్ప లేదు. అన్నీ చాప ముందు గోడకు వరసగా అంటించి ఉన్నాయి. ఒక్కో పేరు కింద పెన్సిలు గీతలు, రోజుకొకటి చొప్పున, ఐదేసి కట్టలుగా. పొద్దున తోసిన చీటీ కింద కూడా ఒక గీత ఉంది.

చాప మీద కూలబడింది. ఆనించిన చేతికి చల్లగా ఏదో తగిలింది.

బామ్ సీసా.