ఇసుక తప్ప ఏమీ లేదు

సముద్రం ఒడ్డున ఉన్న గోల్ఫ్ క్లబ్బుకి నూరేళ్ల చరిత్ర రాస్తున్న పెద్దాయన, మధ్యాహ్నం తోటమాలిని పిలిచి అడిగాడు.

"మొదట్లో ఈ నేల చదును చేసింది మీ తాతే కదా. అంతకుముందు ఇక్కడేముండేదయ్యా?"

"ఇసుక తప్ప ఏమీ లేదండీ."

ఉద్యోగం ఎక్కడ పోతుందోనన్న భయంతో, తాత చదును చేసిన జాలర్ల సమాధుల మాట దాచేశాడు తోటమాలి.

చీకటి పడ్డాక, రేపటి ఆట కోసం బంతి పడే గుంతను రోజూలాగే చోటు మార్చాడు. కొత్తచోట తవ్వితీసిన మట్టిగడ్డను పాత గుంతలో కూరి, అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

కింది నుంచి ఎవరో రెండుసార్లు తట్టారు.

సముద్రం హోరు కూడా వినిపించలేదతనికి. చెయ్యి తియ్యకుండానే గడ్డి మీదికి వంగాడు.

"మీరున్నారని చెప్పాల్సింది. తప్పయిపోయింది," అన్నాడు మెల్లగా.

ఈసారి మైదానమంతటా తట్టడం మొదలైంది.